కోసిన పాటలు

గుల్షన్ టాకీసుల పాటలు కోసుడంటె హైదర్ తర్వాతనే ఎవలైనా. ఇది పొగుడుడు కాదు, ఉన్న మాట. వరంగల్ చౌరస్తా అవుతల ఆ టాకీసు గోడలు లేచిన్నాటి సంది క్యాబిన్ల మిషిన్లు తిప్పేది ఆయననే. సిన్మ పాతవడి జనం పల్చవడ్డా, ఆదివారం ఒక ఆట ఎక్కువ ఎయ్యాల్సి వచ్చినా మేనేజర్ ఉప్పలయ్య మెట్లెక్కి వచ్చి, క్యాబిన్ తలుపుల నిలవడి రెండు వేళ్లు కత్తెర లెక్క ఆడిచ్చేటోడు. పాటలు కొయ్యమని దానర్థం. ఎంతసేపట్ల ఆట అయిపోవాల్నో అది గూడ వేళ్ల తోటే చూపెట్టేటోడు. నోటితోని చెప్పి లాభం లేదు. రెండు మిషిన్ల మోత, పొగ గుంజే పంక మోత, వెలుగు కోసం అంటిచ్చిన కార్బన్లు సుర్రుమని కాలుడు, వీటి నడుమ మనిషి మాట ఏడ వినవడ్తది? ఆ గదిల అందరు చెవిటోళ్లే.

హైదర్‌ను రెండేండ్ల సంది కాపాడింది గూడ ఆ మోతనే.

ఎందుకంటె ఆయనకు నిజంగనే చెవులు పొయినయి. ఒక్కరోజుల పోలేదు. ముందుగాల గోడ గడియారం ఆగిపోయిందనుకున్నడు, చూస్తె ముల్లు తిరుగుతాంది. తర్వాత పొద్దుగాల అజాన్ పొయింది. ఆఖరుకు రహీమాబీ గొంతు పొయింది. భార్య పెదవులు కదులుతాంటె చూసుకుంట ఆయన ఆ దినం అన్నం ముందట కూసొని ఏడ్సిండు. అప్పటిసంది ఆమె ఆయనకు ఎదురుంగ వచ్చి నిలవడి, ముఖం చూసుకుంటనే మాట్లాడ్తది.

ఇంట్ల ఆమెకు తెలుసు, టాకీసుల గేటుకాడ టికెట్లు చింపే మొగిలయ్యకు తెలుసు. ఇగ మూడో మనిషికి తెల్వదు. రెండో ఆపరేటర్ యాకయ్యకు గూడ తెల్వదు, ఎందుకంటె ఒకలు దిగినంకనే ఇంకొకలు ఎక్కుతరు. హాల్ల సౌండు ఎట్లున్నదో హైదర్‌కు ఎట్ల తెలుస్తదంటె, మొగిలయ్య చేతిల టార్చిలైటు ఉన్నది. ఆలస్యంగ వచ్చినోళ్లకు కుర్చీలు చూపెట్టనీకె టాకీసోళ్లు ఇచ్చిన లైటు. అది క్యాబిన్ కిటికీ దిక్కు ఒక్కపారి మెరిస్తె సౌండు పెంచాలె, రెండుమార్లు మెరిస్తె తగ్గియ్యాలె. హైదర్ చెయ్యి ఎప్పుడు కుడిదిక్కు సౌండు గుండీ మీదనే ఉంటుండె. టార్చి మెరిసిన్నాడు హైదర్‌ను మించిన ఆపరేటర్ లేడని జనం అనుకునేటోళ్లు.

తెలిస్తె కిందికి దించుతరని ఆయన భయం. అగ్గి తోటి, కరెంటు తోటి పని. చెవిటోన్ని ఆడ ఉంచరు. క్యాబిన్ల తప్ప ఆయన ఏడ బతికిండు గన్క? పదిహేడేండ్లప్పుడు ఉస్తాద్ ఫకీర్ మహమ్మద్ ఎనుక మెట్లెక్కినోడు, యాభై నాలుగు నడుస్తున్నయి, ఇంకా దిగలేదు. అందుకని మిషిన్లు ఆగినప్పుడు కింద ఎవలితోని ముచ్చట పెట్టకపోతుండె. ఆట అయిపోంగనే టోపీ సర్దుకొని ఇంటి తొవ్వ పట్టేటోడు. హైదర్‌కు ఈ నడుమ జర గర్వం పెరిగిందని క్యాంటీనోళ్లు నవ్వుకునేటోళ్లు. నవ్వనీ, గదే మంచిదనుకున్నడు.

ఎనభై రెండు ఆగస్టుల ఇంజినీరింగ్ కాలేజి పిలగాండ్లు టాకీసు సేటు దగ్గరికి వచ్చిండ్రు. వాళ్లకొక ఫిలిం క్లబ్బు ఉన్నదట. నెలల నాలుగు ఆదివారాలు, పొద్దుగాల తొమ్మిదింటి ఆట, నాలుగు ఇంగ్లీషు పిక్చర్లు. అన్నీ పాటలయే, రాక్ పాటలు. డబ్బాలు వాళ్లే తెప్పిచ్చుకుంటరు, హాలు ఇస్తె చాలు. పొద్దుగాల ఎట్లాగు ఖాళీనే గద అని సేటు సరేనన్నడు. ఇగ చూడాలె ఆ జోరు. బెల్‌బాటం ప్యాంట్లు, మెడ దాటిన జుట్లు, కాజీపేట నుంచి బస్సు టాపుల మీద కూసోని వచ్చిండ్రు. పిక్చర్ మొదలైనంక కుర్చీల మీద నిలవడి వాళ్లు ఊగుతాంటె, జాతరల శివసత్తులకు పూనకమొచ్చినట్టే ఉన్నదని మొగిలయ్య చేతులు ఊపి చూపెట్టి నవ్విచ్చిండు. సౌండు వాళ్లకు ఎంత పెట్టినా సాలలే. టార్చి ఒక్కపారి, మల్ల ఒక్కపారి, మల్ల ఒక్కపారి. హైదర్ గుండీని ఎన్నడు తిప్పనంత దూరం తిప్పిండు.

అప్పుడొకటి అయింది. చెప్పులిడిసి నిలవడ్డ కాళ్లకింద గచ్చు అదిరింది. ధన్ ధన్ ధన్ అని, ఒక లెక్క తోటి. హైదర్ ముందుగాల మిషినే చెడిపోయిందనుకొని కిందికి వంగి చూసిండు. మిషిను మంచిగనే ఉన్నది. గోడ మీద అరచెయ్యి పెట్టిండు, గోడ గూడ అదే లెక్క. రెండేండ్ల తర్వాత పాట ఆయన దగ్గరికి మల్ల వచ్చింది, చెవుల తొవ్వ మూతవడ్డదని కాళ్ల తొవ్వ పట్టుకొని. ఆ దినం ఇంటికి పొయ్యి రహీమాబీకి చెప్తె నమ్మలే. వచ్చే ఆదివారం కోసం ఆయన పిలగాండ్ల లెక్కనే వేళ్లు మడిచి చూసుకున్నడు.

మూడో పిక్చర్ డబ్బాలు శనివారం పొద్దుగాల రైలు దిగినయి. తొమ్మిది డబ్బాలు. అంటె దగ్గర దగ్గర మూడు గంటల పిక్చర్. ఆ వారమే గుల్షన్‌ల కొత్త తెలుగు సిన్మ పడ్డది, బుకింగు కాడ లాఠీలు ఆడుతున్నయి. ఆదివారం పదకొండున్నరకు ఒక ఆట ఎక్కువ ఎయ్యాలని సేటు అన్నడు. ఉప్పలయ్య మధ్యాహ్నం ఆట నడుస్తాంటె క్యాబిన్ తలుపుకాడికి వచ్చి, ఇంగ్లీషు డబ్బాలు చూపెట్టి, రెండు వేళ్లు లేపిండు. రెండు గంటలు. తర్వాత అవే వేళ్లను కత్తెర ఆడిచ్చిండు. హైదర్ తల ఊపిండు. ఇన్నేండ్ల సంది ఊపే తలనే అది.

ఆట దిగినంక పక్కగదిల కిటికీ కాడ రీలు చుట్టే మిషిన్ పెట్టుకొని కూసున్నడు. బల్బు ముందట ఫిల్ము పట్టి నిదానంగ తిప్పుతాండు. పాట ఏడ మొదలయ్యేది, ఏడ అయ్యేది ఆయన బొమ్మ చూసి పట్టడు. ఫిల్ము అంచుకు బొమ్మల పక్కపొంటి సౌండు గీత ఒకటి పోతది, తెల్లగ, సన్నగ వణుక్కుంట. మాటలైతె ఆ గీత తుంపులు తుంపులుగ ఉంటది, మనిషి దమ్ము తీసుకున్న కాడల్ల చిక్కిపోతది. పాటైతె తెంపు ఉండది, మొదలువెట్టిన కాంచి ఆఖరు దాంక నిండుగ పారుతది. ఇది ఉస్తాద్ నేర్పిచ్చిన చదువు. చెవులున్న దినాలల్ల అక్కరకు రాలే గని, చెవులు పొయినంక ఆ అంచే ఆయనకు దిక్కయింది.

తిప్పినకొద్ది ఆయనకు గాబర పుట్టింది. ఒక బస్సుల పదిమంది తెల్లోళ్లు ఊరూరు తిరుగుతరు. బస్సుల మాట్లాడుకుంటరు, రొట్టె తింటరు, ఊర్లె దిగంగనే పాట. మల్ల బస్సు, మల్ల పాట. పదిహేడు పాటలు తేలినయి. గిటారు బొమ్మ ఏసిన పోస్టరు గోడ మీద ఉండనే ఉన్నది. పాటలే కొయ్యాల్నా, బస్సే కొయ్యాల్నా? పాటల పిక్చర్ల పాటలు కోస్తె ఏం మిగుల్తదని ఆయనకు అనిపియ్యక పోలేదు.

అడుగాలంటె కిందికి దిగాలె. ఉప్పలయ్య ఆఫీసు రూములకు పోవాలె, ఆడ మిషిన్ల మోత ఉండది, పంక గూడ నిమ్మలంగ తిరుగుతది. ఉప్పలయ్య బీడీ కొరుక్కుంట, లెక్కల బుక్కు మీద తల వంచుకొని మాట్లాడ్తడు. ఒక్క ప్రశ్న అడిగితె ఆయన నాలుగు అడుగుతడు. అండ్ల ఒక్కటి ఎనుక నుంచి అడిగినా అయిపాయె. రెండు మెట్లు దిగిండు హైదర్. మూడో మెట్టు మీద నిలవడి, కింద తలుపు సందుల నుంచి ఉప్పలయ్య వీపును చూసి, మల్ల ఎక్కిండు.

మేనేజర్ చూపెట్టింది కత్తెర, కత్తెరంటె పాటలు, అని మనసుకు చెప్పుకున్నడు. కథ తెగొద్దు, కథ తెంపినోడు ఆపరేటర్ కాడు అని ఉస్తాద్ అంటుండె. అందుకని శానా పైలంగ కోసిండు. బ్లేడుతోని అంచు గీకి, ఫిల్ము అతికే సిమెంటు పూసి, జాయింటు మీద బొటనవేలు ఒత్తి మనసుల ఇరవై లెక్కపెట్టి ఇడిసేటోడు. కోసిన ఒక్కొక్క పాటను చుట్ట చుట్టి గోడకు కొట్టిన మొలల మీద వరుసగ తగిలిచ్చిండు, తిరిగి అతికేటప్పుడు ఎతుక్కునే పని లేకుంట. ఒకప్పుడు పాట కోస్తాంటె లోపల ఆ పాట పాడుకునేటోడు, దానికి మాఫీ అడిగినట్టు. ఈ పాటలు ఆయనకు తెల్వయి. అయినా పదిహేడో చుట్టను మొలకు ఎయ్యంగ, పోయిన ఆదివారం కాళ్లకింద అదిరిన గచ్చు యాదికొచ్చి పానం ఉసూరుమన్నది.

ఆదివారం హాలు నిండింది. క్యాబిన్ కిటికీల నుంచి చూస్తె నేల, బెంచి, కుర్చీ, బాల్కనీ అన్ని పిలగాండ్లే. పిక్చర్ మొదలైంది. తెర మీద జులపాలోడు పెట్టెల నుంచి గిటారు తీసిండు, బుజానికి ఏసుకున్నడు, నవ్విండు. పిలగాండ్లందరు లేసి నిలవడ్డరు. మరుసటి బొమ్మల ఆయన గిటారును మల్ల పెట్టెల పెట్టి బస్సెక్కిండు. జాయింటు ఎంత మంచిగ కుదిరిందంటె తెర మీద ఆవగింజంత మచ్చ గూడ పడలేదు. పిలగాండ్లు ఒకరి మొఖాలు ఒకరు చూసుకొని నవ్వుకుంట కూసున్నరు. బస్సు ఇంకో ఊరికి పొయింది. ఒక సన్నటాయన డోళ్ల ముందట కూసొని కట్టెలు లేపిండు, లేపిన కట్టెలు లేపినట్టే ఉండంగ బస్సు టైరు మార్సుడు మొదలైంది. ఈసారి నవ్వలేదు.

హైదర్‌కు కనవడ్డది టార్చి ఒక్కటే. ఒక్కపారి కాదు, రెండుమార్లు కాదు, మొగిలయ్య దాన్ని ఇట్లట్ల ఊపుతాండు. అట్లాంటి గుర్తు వాళ్ల నడుమ లేదు. హైదర్ గుండీ తిప్పిండు, సౌండు పెంచిండు. బస్సుల రొట్టె తినేటోళ్ల ముచ్చట హాలంత ఉరిమి ఉంటది. కుర్చీలు ఇరుగుడు ఆయనకు వినవడలే. తెర మీదికి ఏదో ఎగిరి పడ్డది చూసి, తిరిగేసరికి క్యాబిన్ తలుపు తెరుసుకొని పది పదిహేనుమంది లోపల ఉన్నరు. వాళ్ల నోళ్లు తెరుసుకుంట మూసుకుంట ఉన్నయి. మిషిన్ బంద్ చేసిండు. పక్కగది మొలల మీద చుట్టలు కనవడంగనే వాళ్లకు సంగతి తెలిసి పొయింది. ఒకడు కోపంతోని అన్నిటిని గుంజి కింద పారేసిండు. పదిహేడు పాటలు కాళ్లల్ల పడి, చుట్టలిడిసి, ఒకదాన్లొకటి చిక్కువడ్డయి.

ఉప్పలయ్య ఉరికొచ్చిండు. పిలగాండ్ల ముందట, సేటు ముందట నిలవడి వేలు పెట్టి హైదర్‌ను చూపెట్టిండు. ఆయన పెదవుల మీద మాట ఏందో హైదర్‌కు అప్పుడు తెల్వలే. తర్వాత గేటుకాడ మొగిలయ్య ఆయన బుజాలు పట్టుకొని, ఒక్కొక్క మాట ఇడమరిచి చెప్పిండు. రెండు గంటలకు తగ్గియ్యమన్నడట గని పాటలు కొయ్యమని తను చెప్పనే లేదట. ముసలోనికి మతి తప్పిందట. హైదర్ తన రెండు వేళ్లను కత్తెర లెక్క ఆడిచ్చి చూపెట్టిండు. అదేం సాక్ష్యం అయితది? కాయితం మీద లేదు, నోటి మాట గూడ కాదు.

సోమవారం సాయంత్రం రైలుకు డబ్బాలు ఎట్ల వచ్చినయో అట్ల పోవాలె, పాట పోయినా వరుస తప్పినా హైదర్ ఇంటికి పోవాలె అని సేటు చెప్పి పొయిండు.

సోమవారం పొద్దుగాల ఏడింటికే ఆయన పక్కగదిల నేల మీద కూసున్నడు. మెత్తటి పాత లుంగీ పీలికతోని ఫిల్ము తుడుసుకుంట, చిక్కు తీసుకుంట ఉన్నడు. ఎనిమిది దాటినంక గడపల నీడ పడితె తలెత్తిండు. నిన్న మొలల మీద నుంచి చుట్టలు గుంజినోడే. ఫిలిం క్లబ్బు సెక్రెటరీ అట, పేరు లీలాకృష్ణ, కోస్తా పిలగాడు. కండ్లు కింద పెట్టుకొని నిలవడ్డడు. తప్పయిందని అంటాండని మొఖం చూస్తేనే తెలుస్తాంది. ఏ ఊర్లె ఏ పాటనో తనకు నోటికొస్తదని, వరుస తను చెప్తనని నిదానంగ చేతులు తిప్పుకుంట చెప్పిండు. హైదర్ చాప చూపెట్టిండు.

వరుస నోటికొస్తె ఏం లాభం? పదిహేడు పాటలల్ల అదే జులపాలోడు, అదే అంగి, అదే లైటు. బొమ్మ చూసి ఇది ఏ పాటనో ఆ పిలగాడు పోల్చుకోలేకపోయిండు. ఒక్కొక్కటి మిషిన్ల ఎక్కిచ్చి వింటె తప్ప తెల్వదని చేతులు జాడిచ్చిండు. మిషిన్లు పదింటికి యాకయ్యకు కావాలె. హైదర్ కథ రీలుల ఒక జాయింటు ఇప్పిండు. తెగిన కాడ అంచును బల్బు ముందట పెట్టి సౌండు గీత ఎంత ఎడల్పున తెగిందో చూసిండు. తర్వాత కింద ఉన్న కొసలను ఒక్కొక్కటి తెచ్చి దానికి ఆనిచ్చుకుంట పొయిండు. చిరిగిన చీర పీలికలు కలిపి చూసినట్టు. ఆరో కొస కాడ గీతకు గీత, వణుకుకు వణుకు కుదిరింది. బొటనవేలితోని ఒత్తి పట్టుకొని పిలగానికి చూపెట్టిండు.

పిలగాడు వంగి, అది కుదిరిన తీరును కండ్లు పెద్దవి చేసి చూసిండు.

హైదర్ ఎన్నొద్దులకో నోరు తెరిచి ముచ్చట పెట్టిండు. ఇగో ఈడ ముండ్లు ముండ్లుగ లేసిందే, ఇది డోలు. ఈడ చెరువుల అల లెక్క వచ్చి పోతాంది, ఇది నోరు, మనిషి గొంతు గుంజి పాడుతాండు. ఈడ గీత పట్టలేక అంచుకు తగులుతాంది, ఇక్కడ మీరందరు కుర్చీలెక్కుతరు. పిలగాడు ఆ మూడో దాని మీద వేలు పెట్టి, పాట లోపల పాడుకుంట తల ఊపిండు. అవునన్నడు. సరిగ్గ ఆడనే.

తొమ్మిది పాటలు అతికినంక అసలు సంగతి ఆ పిలగాని కంట వడ్డది. హైదర్ కిటికీ దిక్కు తిరిగి సిమెంటు పూస్తాండు. ఎనుక పిలగాని చేతిల నుంచి జారి రేకు డబ్బా మూత గచ్చు మీద పడ్డది. గదంత మోగి ఉంటది. హైదర్ చెయ్యి ఇంచు గూడ కదలలే. జాయింటు మీద బొటనవేలు పెట్టి ఇరవై లెక్కపెట్టుకొని తిరిగేసరికి, పిలగాడు కింద పడ్డ మూతను, ఆయనను మార్చి మార్చి చూస్తాండు. తర్వాత పిలగాడు ఆ మూత మీది దుమ్ముల వేలితోని తెలుగుల రాసిండు. ‘మీకు వినపడదు కదా?’

హైదర్ అరచేతితోని ఆ రాతను తుడిచేసిండు. చేతికంటిన దుమ్ము చూసుకున్నడు.

“ఈ మాట ఈ గదిల్నే ఉండాలె బేటా,” అన్నడు.

పిలగాడు తల ఊపిండు. కండ్లల్ల నీళ్లు తిరిగినయి వానికి. మిగిలిన ఎనిమిది పాటలకు వాడే బ్లేడు పట్టిండు, వాడే అంచులు గీకిండు. నాలుగింటి వరకు తొమ్మిది డబ్బాలు మూతలు పెట్టుకొని స్టేషన్‌కు పొయినయి. హైదర్ శానా దినాలకు ఆకలై ఇంటికి పొయిండు. మూడో మనిషికి తెలిసిందని రహీమాబీతోని అంటె ఆమె ముద్ద చేతిల పట్టుకొని ఆగింది. పెద్ద సదువు సదివే పిలగాడు, ఎందుకు చెప్తడు, ఫికర్ చెయ్యకు అన్నడు.

ఆ పిలగాడు చెప్పింది ఎందుకంటె, హైదర్‌ను కాపాడాలనే. బుధవారం క్లబ్బు పనికి టాకీసుకొస్తె ఉప్పలయ్య క్యాంటీన్ల కూసొని, ముసలోన్ని ఎల్లగొట్టి యాకయ్యకు పెద్ద ఆపరేటర్ పని ఇయ్యాలని సేటుకు చెప్పిన, ఇయ్యాల్నో రేపో అయితది అని అనుకుంట చాయ్ తాగుతాండట. ఆ మాట వాని చెవిల వడ్డది. అప్పటికప్పుడు హాస్టల్‌కు పొయ్యి, ఇంగ్లీషుల రెండు కాయితాల చిట్టీ రాసిండు. రెండు వందల పన్నెండుమంది తోటి సంతకాలు పెట్టిచ్చిండు. శుక్రవారం పొద్దుగాల తెచ్చి సేటు బల్ల మీద పెట్టిండు.

హైదర్‌ను కిందికి పిలిచిండ్రు. సేటు రూములకు ఆయన రాక రెండేండ్లయింది. పంక నిమ్మలంగ తిరుగుతాంది. సేటు చేతిల కాయితం ఉన్నది, పక్కకు ఉప్పలయ్య, తలుపుకాడ మొగిలయ్య, ఎదురుంగ లీలాకృష్ణ నవ్వు మొఖంతోని. సేటు ఆ కాయితం హైదర్ చేతికి ఇచ్చిండు. ఇంగ్లీషు అక్షరాలు ఆయనకు రావు. కింద సంతకాల వరుసలు చూసుకుంట నిలవడ్డడు, ఇంతమంది తన కోసం చేతులు కదిలిచ్చిండ్రా అని పానం నిండింది.

ఆయన కాయితం చూస్తాంటె సేటు లేసి ఎనుకకు పొయ్యి, బల్ల మీది గంటను తీసుకొని ఆయన చెవికాడ టంగుమని కొట్టిండు. ఉప్పలయ్య ఉలిక్కిపడ్డడు. లీలాకృష్ణ నవ్వు ఆగిపోయింది. మొగిలయ్య కండ్లు మూసుకున్నడు. హైదర్ రెండో కాయితం తిప్పి, అండ్ల ఉన్న సంతకాలు గూడ చూసుకున్నడు.

తలెత్తితె అందరి మొఖాలు ఒక్క తీరుగ ఉన్నయి. సేటు చేతిల గంట కనవడ్డది. అప్పుడు తెలిసింది ఆయనకు, ఆ కాయితం మీద ఏం రాసున్నదో.

సేటు చెడ్డోడు కాదు. అదే పెద్ద కష్టం. ఆయన హైదర్‌ను కుర్చీల కూసోవెట్టి, ఎదురుంగ ఇంకో కుర్చీ ఏసుకొని, పెదవులు తెలిసేటట్టు మాట్లాడిండు.

“పాటల సంగతి ఇడిసిపెట్టు హైదర్. ఉప్పలయ్యనే కొయ్యమన్నడని నాకు తెల్వదా? అందరం కోసినోళ్లమే. గని చెవులు లేని మనిషిని అగ్గి నడుమ ఎట్ల పెడుత చెప్పు. రేపు ఏమన్న అయితె రహీమాబీకి నేనేం చెప్పాలె?”

ఆపరేటర్ లైసెన్సు అల్మారిల పెట్టిపొమ్మన్నడు సేటు. సైకిల్ స్టాండు కాడ కూసోవచ్చు, నౌకరి పోలేదు, ఇజ్జత్ గూడ పోదు, ఆదివారం పిలగాండ్లతోని చెప్పి శాలువా కప్పిస్త అన్నడు. లీలాకృష్ణ సేటు ముందట చేతులు జోడిచ్చిండు, ఇంగ్లీషుల, తెలుగుల ఏమేమో అన్నడు. సేటు తల అడ్డంగ ఊపుకుంట వాని వీపు తట్టిండు. బయటికొచ్చినంక వాడు మెట్ల కాడ హైదర్ చేతులు పట్టుకున్నడు.

“చాచా, మీ గొప్పతనం తెలిస్తే ఉంచుతారనుకున్నానండీ,” అన్నడు, ఎదురుంగ నిలవడి, ఆయనకు తెలిసేటట్టు.

“నువ్వు మంచికే రాసినవ్ బేటా,” అన్నడు హైదర్.

నాలుగో ఆదివారం హాలు అంతకు ముందుకంటె ఎక్కువ నిండింది. తెర ముందట బల్లేసి ఆయనను నిలవెట్టిండ్రు. సేటు శాలువా కప్పిండు, మొగిలయ్య తోటి పూలదండ ఎయ్యిచ్చిండ్రు. ఎనిమిదొందలమంది పిలగాండ్లు లేసి నిలవడి చేతులు కొట్టుకుంట ఉన్నరు. చేతులు ఒకదాని మీద ఒకటి పడుడు కనవడ్తాంది, అంతే. ఎన్నడు కిటికీల నుంచి చూసే హాలును ఇటుదిక్కు నుంచి చూసిండు హైదర్. మనుషుల తలలకు పైన, గోడల, అరచేయంత కిటికీ ఒకటి కనవడ్డది. అంత చిన్నదా అనిపిచ్చింది ఆయనకు. దాని ఎనుక యాకయ్య మొఖం తెల్లగ కదిలింది.

లీలాకృష్ణ ఆయనను తీస్కపొయ్యి నడిమి వరుసల కూసోవెట్టి తను పక్కకు కూసున్నడు. దీపాలు ఆరిపోయినయి. ఇన్నేండ్లల్ల ఆయన కుర్చీల కూసొని పిక్చర్ చూసుడు అదే మొదలు. తెర మీద గిటారు పట్టుకున్నోడు పాట అందుకున్నడు. హైదర్ చెప్పులిడిసి పాదాలు గచ్చుకు ఆనిచ్చిండు. ఏం తెల్వలే. కింద మట్టి నింపి పోసిన గచ్చు అది, క్యాబిన్‌ది లెక్క అదరది. కుర్చీ చెయ్యి మీద అరచెయ్యి పెట్టిండు, అది గూడ కొయ్యబారినట్టే ఉన్నది. ముందట పిలగాండ్లు ఎనుకకు తిరిగి క్యాబిన్ దిక్కు చేతులు లేపి ఒర్రుతాండ్రు. సౌండు సాలుతలేదన్నట్టు.

గేటుకాడ మొగిలయ్యకు రెండేండ్ల అలవాటు. చెయ్యి దానంతట అదే లేసింది. టార్చి వెలుగు పిలగాండ్ల తలల మీద నుంచి పొయ్యి క్యాబిన్ కిటికీ మీద ఒక్కపారి మెరిసింది. యాకయ్యకు ఆ గుర్తు తెల్వదు. గేటోడు ఉత్తగ లైటు ఏస్తాండని విసుక్కున్నడేమో, కిటికీ రెక్క సగం ముయ్యవట్టిండు. మొగిలయ్య మల్ల ఒక్కపారి మెరిపిచ్చిండు.

నడిమి వరుసల కూసున్న హైదర్ ఆ వెలుగును చూసిండు. చూడంగనే ఆయన కుడిచెయ్యి కుర్చీ పక్కపొంటి ఖాళీ గాలిల లేసి, వేళ్లు గుండ్రంగ పట్టి, కుడిదిక్కుకు తిప్పింది. ఇంకొంచెం తిప్పింది. లీలాకృష్ణ ఆ చెయ్యిని చూసి మొఖం తిప్పుకున్నడు.